లైసెన్స్ ఫారంలో పౌరసత్వం గడి ఉంచాలా, తీసేయాలా?

గోదారి_గట్టు:
అందరికీ నమస్కారం. న్యూజెర్సీలో 2020 సెప్టెంబరు 1న అప్పటి గవర్నర్ ఫిల్ మర్ఫీ ఒక చట్టం మీద సంతకం చేశారు. నర్సు, ఫార్మసిస్టు, ఎలక్ట్రీషియన్, బ్యూటీషియన్ ఇలా ఏ వృత్తి లైసెన్సుకైనా చదువు, పరీక్ష, అనుభవం సరిగ్గా ఉంటే చాలు, ఇమ్మిగ్రేషన్ స్టేటస్ చూపించి కాదనడానికి వీల్లేదు. కాలిఫోర్నియా 2014లోనే ఈ దారి పట్టింది. తర్వాత నెవాడా 2019లో, కొలరాడో 2021లో వచ్చి చేరాయి. మా రాష్ట్రంలో మాత్రం ఫారం తెరవగానే "మీరు అమెరికా పౌరులా?" అనే ప్రశ్న ఎదురవుతుంది. మా దగ్గర కూడా న్యూజెర్సీ లాంటి చట్టం కావాలని కొందరు అడుగుతున్నారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ ప్రశ్న తీసేయాలి. ఈ మనిషికి పని వచ్చా, జనానికి హాని చేస్తాడా అని చూడటమే లైసెన్స్ ఇచ్చే బోర్డు పని. పన్ను పీకే డాక్టరు ముందు నోరు తెరిచి కూర్చున్నప్పుడు ఆయన గోత్రం అడుగుతామా?

డాలస్_రాంబాబు:
గట్టు గారూ, గోత్రం అడగం, నిజమే. కానీ ఆయనకి ఈ దేశంలో ఉండే అనుమతి ఉందా అన్నది గోత్రం సంగతి కాదు, చట్టం సంగతి. నేను ఈబీ-2 క్యూలో, అంటే ఉద్యోగం మీద వచ్చే గ్రీన్ కార్డ్ (శాశ్వత నివాస అనుమతి) వరుసలో ఉన్నవాణ్ణి. ఉద్యోగ కోటాలో ప్రపంచం మొత్తానికి ఏటా దాదాపు 1,40,000 గ్రీన్ కార్డులు, అందులో ఏ దేశానికైనా 7 శాతం సీలింగు. ఇండియాలో పుట్టినందుకు ఏళ్ళకేళ్ళు ఎదురుచూస్తూ, హెచ్-1బీ (తాత్కాలిక ఉద్యోగ వీసా) రెన్యువల్ వచ్చిన ప్రతిసారీ టెన్షన్ పడుతూ, ఉద్యోగం పోతే 60 రోజుల్లో సర్దుకోవాలని లెక్కలు వేసుకుంటూ బతుకుతున్నాం. అసలు ఏ కాగితమూ లేనివాళ్ళకి రాష్ట్ర ముద్ర వేసి లైసెన్స్ ఇస్తే, రూల్ ప్రకారం నడిచిన మమ్మల్ని వెర్రివాళ్ళని చేసినట్టే.

మిక్చర్_పొట్లం:
రాంబాబు అన్నా, పాయింటే. కాకపోతే ఆ ఫారంలో "పౌరులా?" అన్న గడిలో నువ్వూ "కాదు" అనే టిక్ పెట్టాలి కదా.

ఫార్మా_పద్మ:
మిక్చర్ గారు సరదాగా అన్నారు గానీ అసలు కథ అదే. న్యూయార్క్‌లో ఫార్మసిస్టు లైసెన్స్ సిటిజెన్లకి, గ్రీన్ కార్డ్ వాళ్ళకి మాత్రమే అని రాష్ట్ర చట్టంలో రాసి ఉండేది. అక్కడే ఏళ్ళ తరబడి పనిచేస్తున్న హెచ్-1బీ, టీఎన్ (కెనడా, మెక్సికో వాళ్ళకిచ్చేది) వీసాల ఫార్మసిస్టులు తాత్కాలిక మినహాయింపు మీద నెట్టుకొచ్చేవాళ్ళు. ఆ మినహాయింపు గడువు ముగిసే పరిస్థితి వచ్చేసరికి కొందరు కోర్టుకెళ్ళారు. కేసు శీర్షికలో మొదట కనపడేది మన తెలుగు ఇంటిపేరే. 2012 జులైలో న్యూయార్క్ ప్రాంతాన్ని చూసే ఫెడరల్ అప్పీల్ కోర్టు, సెకండ్ సర్క్యూట్, ఆ నిబంధన రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేసింది.

వాళ్ళెవరూ దొంగచాటుగా వచ్చినవాళ్ళు కాదు. ఆ పని చేయడానికే ఫెడరల్ ప్రభుత్వం వీసా ఇచ్చి రమ్మంది. రాష్ట్రమేమో మీకు లైసెన్స్ ఇవ్వం అంది. రాంబాబు గారూ, ఆ గడి వల్ల దెబ్బతిన్నది మీలాంటివాళ్ళే. మీరు దాన్నే కాపాడుతున్నారు.

డాలస్_రాంబాబు:
పద్మ గారూ, ఆ తీర్పుతో నాకు పేచీ లేదు. హెచ్-1బీ వాళ్ళకి ఇవ్వాలి, హెచ్-4 ఈఏడీ (హెచ్-1బీ వాళ్ళ భార్య లేదా భర్తకి వచ్చే పని అనుమతి కార్డు) వాళ్ళకి ఇవ్వాలి. "పౌరసత్వం" తీసేసి "వర్క్ పర్మిట్" అని రాయండి, నేనే మొదటి సంతకం పెడతాను. న్యూజెర్సీ చట్టం అక్కడ ఆగలేదు. అదే నా అభ్యంతరం.

లా_పాయింట్:
ఇక్కడ మూడు వేర్వేరు సంగతులు ఒకే మూటలో కట్టి లాగుతున్నారు. విప్పి చూద్దాం, కాస్త పొడుగవుతుంది, క్షమించాలి.

మొదటిది పౌరసత్వం. దీని మీద సుప్రీంకోర్టు 50 ఏళ్ళ కిందటే మాట్లాడింది. కనెక్టికట్‌లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన ఒక మహిళ లా చదివింది. పౌరురాలు కాదని బార్ పరీక్ష (లాయరు లైసెన్స్ పరీక్ష) రాయనివ్వలేదు. 1973లో ఇన్ రీ గ్రిఫిత్స్ కేసులో అది చెల్లదన్నారు. 1976లో ప్యూర్టోరికోలో సివిల్ ఇంజనీర్ల నిబంధన, 1984లో టెక్సస్‌లో నోటరీ నిబంధన కూడా పోయాయి. పోలీసు (1978), ప్రభుత్వ బడి టీచరు (1979), ప్రొబేషన్ ఆఫీసరు (1982) విషయాల్లో మాత్రం రాష్ట్రం పౌరసత్వం అడగొచ్చన్నారు. అవి ప్రభుత్వ అధికారాన్ని జనం మీద వాడే ఉద్యోగాలని వాళ్ళ తర్కం. టీచర్ల విషయంలో ఆ తర్కం నాకు ఇప్పటికీ మింగుడుపడదు, అది వేరే చర్చ.

ఈ రక్షణ ప్రధానంగా గ్రీన్ కార్డ్ వాళ్ళకి. తాత్కాలిక వీసాల వాళ్ళకి ఇంతే రక్షణ ఉందా అన్నదాని మీద కోర్టులు విడిపోయాయి. పద్మ గారు చెప్పిన సెకండ్ సర్క్యూట్ ఉందంది. ఫిఫ్త్ సర్క్యూట్ 2005లో లూయిజియానా బార్ కేసులో లేదంది. రాంబాబు గారూ, టెక్సస్ ఆ ఫిఫ్త్ సర్క్యూట్ కిందకే వస్తుంది. రేపు మీ రాష్ట్రం హెచ్-1బీ వాళ్ళకి ఫలానా లైసెన్స్ ఇవ్వనంటే, న్యూయార్క్ వాళ్ళకి దొరికిన ఊరట మీకు కోర్టులో అంత తేలిగ్గా దొరకదు. అందుకే చట్టసభలో మార్చుకోవడం మేలంటున్నా.

రెండోది చట్టబద్ధంగా ఉన్నారా లేదా. 1996 ఫెడరల్ సంక్షేమ చట్టం వృత్తి లైసెన్సులని కూడా "రాష్ట్రం ఇచ్చే ప్రయోజనాల" జాబితాలో పడేసింది. స్టేటస్ లేనివాళ్ళకి రాష్ట్రం అవి ఇవ్వాలంటే 1996 ఆగస్టు 22 తర్వాత ప్రత్యేకంగా చట్టం చేయాలి. న్యూజెర్సీ, కాలిఫోర్నియా చేసింది అదే. కాబట్టి అది ఫెడరల్ చట్టాన్ని ధిక్కరించడం కాదు, అందులో ఉన్న తలుపే తీయడం.

మూడోది పని చేసే అనుమతి. దాన్ని ఏ రాష్ట్రమూ ఇవ్వలేదు. 1986 నుంచీ అది ఫెడరల్ వ్యవహారం, ఉద్యోగంలో చేరేటప్పుడు పని అనుమతి చూపించే ఐ-9 ఫారం నింపాల్సిందే. 2014 జనవరిలో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు కాగితాలు లేని ఒక లాయరుకి లైసెన్స్ ఇచ్చినప్పుడు కూడా, దానివల్ల లా ఫర్మ్‌లో ఉద్యోగం చేసే హక్కు రాదని చెప్పింది.

డాలస్_రాంబాబు:
చాలా వివరంగా చెప్పారు, థాంక్స్. కానీ మీ మూడో పాయింటే నా ప్రశ్నకి ప్రాణం పోసింది. ఉద్యోగం చేయలేడు, కానీ లైసెన్స్ ఉంది. మరి ఏం చేస్తాడు? సొంతంగా ఎల్ఎల్‌సీ (చిన్న కంపెనీ) పెట్టుకుని కాంట్రాక్టరుగా పనిచేస్తాడు. ఇంట్లో వైరింగ్ చేయించుకునే నేను ఎలక్ట్రీషియన్ దగ్గర ఐ-9 తీసుకుంటానా? తీసుకోను. ముందు తలుపుకి తాళం వేసి పెరటి తలుపు తీసిపెట్టడం కాదా ఇది?

లా_పాయింట్:
మీ వాదనలో గట్టి ముక్క ఇదే, ఒప్పుకుంటా. కస్టమర్‌కి ఐ-9 బాధ్యత లేదు. అనుమతి లేదని తెలిసి కాంట్రాక్టు మీద పనిచేయించుకోవడం కూడా ఫెడరల్ చట్టంలో తప్పే, కానీ "తెలిసి" అని రుజువు చేయడం కష్టం. అయితే ఒకటి చూడండి. ఆ ఖాళీ లైసెన్స్ వల్ల పుట్టలేదు. లైసెన్స్ లేకపోయినా ఆ మనిషి అదే పని చేస్తున్నాడు, పరీక్ష రాయకుండా, పర్మిట్ తీయకుండా.

బ్యూటీ_సుజాత:
అది నన్నడగండి. మాది సలోన్. లైసెన్స్ రాని అమ్మాయిలు పని మానేయరండీ, ఇళ్ళకెళ్ళి ఫేషియల్స్, కెమికల్ స్ట్రెయిటెనింగ్ చేస్తారు. అక్కడికి ఏ ఇన్‌స్పెక్టరూ రాడు. పరికరాలు స్టెరిలైజ్ చేశారా అని ఎవరూ చూడరు. తల మీద చర్మం కాలితే కస్టమర్ ఎవరికి ఫిర్యాదు చేయాలి? లైసెన్స్ ఉంటే బోర్డు ఉంది, నంబరు ఉంది, రద్దవుతుందన్న భయం ఉంది. రాంబాబు గారూ, మీకు నచ్చని మనిషే అయినా ఆ భయం ఉన్నవాళ్ళ చేతే పని చేయించుకోండి.

గట్టు గారికి కూడా ఒక మాట. మీరు ఆ గడి ఒక్కటీ తీసేస్తే అయిపోతుంది అన్నట్టు రాశారు. కాలిఫోర్నియాలో కాస్మెటాలజీకి (బ్యూటీషియన్ పనికి) తగ్గించాక కూడా 1,000 గంటల శిక్షణ. టెక్సస్‌లో దారంతో కనుబొమలు తీయడానికి 750 గంటల కోర్సు అడిగేవాళ్ళు, 2015లో రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసేదాకా! ఆ కోర్సుల ఫీజులు కట్టగలిగితే కదా ఫారం దాకా వచ్చేది.

గోదారి_గట్టు:
సుజాత గారూ, గంటల సంగతి ముమ్మాటికీ నిజం. 1950ల్లో లైసెన్స్ అవసరమైన ఉద్యోగులు 5 శాతం కూడా లేరు, 2015లో వైట్‌హౌస్ నివేదిక వచ్చేసరికి నాలుగో వంతు దాటారు. ప్రతి పనికీ లైసెన్స్ పెట్టుకుంటూ పోయాక, లైసెన్స్ లేదనడం అంటే బతుకుతెరువు లేదనడమే.

అట్లాంటా_అమ్మ:
నేను రాజకీయాలు రాయను, కానీ ఇది చదివి ఆగలేకపోయా. మేము హెచ్-1బీ, హెచ్-4. మా అమ్మాయి నర్సింగ్ చదువుతోంది. 21 నిండితే హెచ్-4 పోతుంది, ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి మారాలి. చిన్నప్పుడు వచ్చిన పిల్ల కదా, డాకా (చిన్నప్పుడే వచ్చిన కాగితాలు లేనివాళ్ళని వెనక్కి పంపకుండా ఇచ్చే తాత్కాలిక రక్షణ) ఉండదా అని తెలిసినవాళ్ళు అడుగుతుంటారు. ఉండదు. 2012 జూన్ 15 నాటికి స్టేటస్ లేనివాళ్ళకే డాకా. మేము అన్నీ సరిగ్గా పెట్టుకున్నాం కాబట్టి మా పిల్లకి అదీ లేదు.

మా జార్జియాలో లైసెన్సుకి కాగితాలు చూపించాలి. 2011లో తెచ్చిన చట్టంతో రెన్యువల్స్‌కి కూడా అడిగితే, ఇక్కడే పుట్టిన నర్సుల రెన్యువల్స్ కూడా ఆలస్యమై గోల అయింది. తర్వాత 2013లో కొంత సడలించారు. రాంబాబు తమ్ముడూ, "స్టేటస్ ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు" అని గీత గీస్తున్నావు. మా పిల్ల ఆ గీతకి ఈ పక్క ఉంటుందో ఆ పక్క ఉంటుందో ఏటికేడు మారిపోతుంది. చేతిలో నేర్చుకున్న పని మాత్రం మారదు.

డాలస్_రాంబాబు:
అక్కా, మీ అమ్మాయి విషయంలో అభ్యంతరం పెట్టే మనిషిని కాదు నేను. కానీ మీ అమ్మాయికి కావలసింది లైసెన్స్ గడి తీసేయడమా, పిల్లలకి 21 దాటాక కూడా స్టేటస్ ఉంచే ఫెడరల్ చట్టమా? రెండోదే కదా. రాష్ట్రాలు ఇలా అతుకులు వేస్తూ పోతే కాంగ్రెస్ మీద ఒత్తిడి తగ్గిపోతుంది.

ఇంకోటి. నేరచరిత్ర ఎలా చూస్తారు? ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) లేకుండా మనిషి ఎవరో ఎలా తేలుతుంది?

ఫార్మా_పద్మ:
కాంగ్రెస్ మీద ఒత్తిడి! అట్లాంటా అక్క వాళ్ళ పాప రిటైరయ్యేలోగా కదులుతుందంటారా?

నేరచరిత్ర చూసే లైసెన్సులకి వేలిముద్రలు తీసుకుంటారు, వేలిముద్రకి ఎస్ఎస్ఎన్ అక్కర్లేదు. కాలిఫోర్నియాలో ఎస్ఎస్ఎన్ లేకపోతే పన్నుల కోసం ఇచ్చే ఐటిన్ నంబరు తీసుకుంటారు, అది పబ్లిక్ రికార్డులో పెట్టరు. బయటి దేశంలో చేసిన నేరాలు దొరకవంటారా, పుట్టుకతో సిటిజెన్ అయ్యి పదేళ్ళు వేరే దేశంలో ఉండొచ్చిన మనిషి విషయంలోనూ అంతే.

మిక్చర్_పొట్లం:
ట్రక్కుల సంగతి కూడా చెప్పండి ఎవరైనా. అక్కడ ఉల్టా నడుస్తోంది.

లా_పాయింట్:
అవును. 2025 సెప్టెంబరులో ఫెడరల్ రవాణా శాఖ, ఇక్కడ శాశ్వత నివాసం లేని విదేశీయుల కమర్షియల్ డ్రైవింగ్ లైసెన్సులని హెచ్-2ఏ, హెచ్-2బీ (సీజన్ పనివాళ్ళవి), ఈ-2 (పెట్టుబడిదారులది) వీసాలకే పరిమితం చేస్తూ నిబంధన తెచ్చింది. అది వెంటనే కోర్టుకెక్కింది. అదే ఏడాది జరిగిన కొన్ని ఘోర ప్రమాదాలు కారణంగా చూపారు. నా ప్రశ్న ఒక్కటే: డ్రైవరుకి రోడ్డు మీది ఇంగ్లీషు బోర్డులు చదవడం రాకపోతే లోపం పరీక్షలో ఉంది. పరీక్ష బిగించండి. వీసా పేరు మార్చితే చదవడం వస్తుందా?

డాలస్_రాంబాబు:
పరీక్ష బిగించాలన్నది ఒప్పుకున్నా. గట్టు గారూ, మీ రాష్ట్రంలో ఎవరైనా బిల్లు రాస్తే నా రెండు షరతులు చేర్చమనండి. లైసెన్స్ కాగితం మీదే "ఇది పని అనుమతి కాదు" అని ముద్రించాలి. ఫిర్యాదు వస్తే మనిషి దొరికేలా చిరునామా ఏటా అప్‌డేట్ చేయించాలి. ఆ రెండూ ఉంటే నేను ఎదురు తిరగను, జై కొట్టను కూడా.

గోదారి_గట్టు:
రెండోది తప్పకుండా. మొదటిది నాకు నచ్చదు. మీ లైసెన్స్ మీద కూడా అదే ముద్ర పడుతుంది, హెచ్-1బీ ఉన్నా సరే, చూసిన హెచ్ఆర్ వాళ్ళు కంగారు పడతారు. అందరి లైసెన్సుల మీదా, సిటిజెన్లతో సహా వేస్తారంటే ఆలోచిస్తా.

కొత్త_మెంబర్_శ్రావణి:
చర్చ మధ్యలో అడుగుతున్నందుకు సారీ. నేను హెచ్-4, ఈఏడీ ఇంకా రాలేదు. ఇండియాలో ఫిజియోథెరపీ చేశాను. ఎస్ఎస్ఎన్ లేదని అప్లికేషన్ మొదలుపెట్టలేదు. ఈఏడీ వచ్చేదాకా ఆగాలా?

ఫార్మా_పద్మ:
ఆగకమ్మా. డిగ్రీ మూల్యాంకనానికి చాలా టైమ్ పడుతుంది, ముందు అది పంపించు. దానికి ఎస్ఎస్ఎన్‌తో పని లేదు. రాష్ట్ర ఫారం దగ్గర, ఎస్ఎస్ఎన్ లేనివాళ్ళు బదులుగా ఏమివ్వాలో బోర్డుకి ఈమెయిల్ పెట్టి అడుగు. ఫోన్‌లో చెప్పింది నమ్మొద్దు, రాతపూర్వకంగా జవాబు తీసుకుని దాచుకో. ఏ రాష్ట్రమో చెప్పు, అక్కడ లైసెన్స్ తీసుకున్నవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటారు.

కొత్త_మెంబర్_శ్రావణి:
థాంక్యూ అక్కా. న్యూజెర్సీ.

మిక్చర్_పొట్లం:
రాంబాబు అన్నా, నువ్వు వద్దన్న చట్టం ఈ అమ్మాయికి పనికొచ్చేలా ఉందే!

డాలస్_రాంబాబు:
శ్రావణి గారూ, ఆల్ ది బెస్ట్. మిక్చరూ, నీకు పనేం లేదా?