పాత స్టేడియం గ్యాలరీని కూల్చకుండా కాపాడుకునే దారి ఉందా?

అందరికీ నమస్కారం. మా ఊరి పాత స్టేడియం కూల్చి కొత్తది కడతామంటున్నారు. కొత్తది వద్దని నేననను, అక్కడి బాత్‌రూములు చూస్తే మీరూ అనరు. నా బాధల్లా పడమటి గ్యాలరీ గురించే. సున్నంతో కట్టిన రాతి మెట్లు, జనం కూర్చుని కూర్చుని అంచులు నున్నగా అరిగిపోయాయి. పక్కనే చెక్క స్కోరుబోర్డు, మేకులకు తగిలించే రేకు అంకెలు. 7 పోతే 1కి పైన సుద్దతో గీత గీసి నడిపించేవాళ్లం.

లండన్‌లో ఆర్సెనల్ ఫుట్‌బాల్ క్లబ్ పాత మైదానం హైబరీని ఫ్లాట్లుగా మార్చినా, 1936 నాటి ఈస్ట్ స్టాండ్ ముఖభాగాన్ని అలాగే ఉంచారు. ఆడే చోటు తోట అయింది. షికాగో సోల్జర్ ఫీల్డ్‌లో మాత్రం పాత స్తంభాలు ఉంచి మధ్యలో కొత్త స్టేడియం లేపారు. 2006లో దాని జాతీయ చారిత్రక గుర్తింపే పోయింది.

సివిల్, ఆర్కిటెక్చర్ తెలిసినవాళ్లు చెప్పండి. రాళ్లకు నంబర్లు వేసి విప్పి మళ్లీ పేర్చడం మేలా, ఉన్నచోటే బాగుచేయడం మేలా? సందుల్లో సిమెంటు పూస్తే చాలని ఒక మేస్త్రి అన్నాడు. సున్నపు కట్టడానికి సిమెంటు పడదని విన్నాను, నిజమేనా? హెరిటేజ్ జాబితాలో లేని కట్టడం కోసం అర్జీ ఎవరికి పెట్టాలి? టెండర్ పిలిచేలోపే ఏదో ఒకటి చేయాలి, అదే టెన్షన్.