పాత డిజైన్‌ను కాపీ కొట్టిన ప్లేన్ (రందా) కంపెనీని నమ్మొచ్చా?

బెజవాడ_బల్ల
చిత్రిక పట్టడానికి మంచి నంబర్ 4 సైజు ప్లేన్ ఒకటి కొందామనుకుంటున్నాను. చైనాలో తయారయ్యే వుడ్‌రివర్ చూశాను. అది అమెరికా వాళ్ల లీ-నీల్సన్‌కు కాపీ, అలాంటి సరుకును నమ్మొద్దు అంటాడు మా ఫ్రెండు. మరి లీ-నీల్సన్ చేసేది స్టాన్లీ కంపెనీ వాళ్ల పాత బెడ్‌రాక్ ప్లేన్ నమూనాయే కదా? ఏది చూసి నమ్మాలి?

టేకుపొర
ఆ రెండూ ఒకటి కావండీ. బెడ్‌రాక్ పేటెంట్ 1895 నాటిది. 1940ల్లో స్టాన్లీ వాటి తయారీ ఆపేసింది. లీ-నీల్సన్ 1981లో అమెరికాలోని మెయిన్ అనే రాష్ట్రంలో మొదలయ్యేనాటికి అవి పాత సామాన్లలో వెతుక్కోవాల్సిందే. ఆ కంపెనీ పెట్టిన థామస్ లీ-నీల్సన్ ఆ నమూనాకు ప్రాణం పోశాడు. కింద పడితే పగిలే పోత ఇనుము మానేసి డక్టైల్ ఐరన్ వాడాడు, బ్లేడు మందం పెంచాడు. ఎవరి పొట్టా కొట్టలేదు. ఇవాళ అమ్ముడవుతున్న సరుకును చూసి అచ్చు గుద్దడం వేరు.

ఒట్టావా_వడ్రంగి
నేను మాత్రం దాపరికం ఉందా లేదా అన్నదే చూస్తాను. ఇక్కడ కెనడాలో లీ వ్యాలీ అనే కంపెనీ 1978 నుంచి ఉంది, వెరిటాస్ ప్లేన్లు వాళ్లవే. 2012లో పీఎం-వీ11 అనే బ్లేడు ఉక్కు తెచ్చినప్పుడు దాన్ని మిగతా ఉక్కుల పక్కన పెట్టి పరీక్షించారు. పదును ఎంతసేపు నిలుస్తుంది, అంచు ఎంత చిట్లుతుంది, నూరడం ఎంత తేలిక అన్న ఫలితాలన్నీ బయటపెట్టారు. సానరాయి ఉన్నవాడెవడైనా నూరి చూసి అబద్ధమైతే నిలదీయొచ్చు. అలా తెగించి చెప్పేవాణ్ణి నమ్ముతాను.

రందా_హైదరాబాద్
అన్నా, అక్కడ నచ్చకపోతే వెనక్కి పంపేస్తారు. మాకు షిప్పింగు, కస్టమ్స్ కలిపితే ఆ మాటే ఉండదు. ఇక్కడే ఒక బ్రాండు రందా కొన్నాను. అడుగు మీద స్టీలు స్కేలు నిలబెట్టి వెనక నుంచి ఫోన్ లైటు వేస్తే, సరిగ్గా బ్లేడు బయటికొచ్చే నోటి ముందు వెలుతురు సన్నగా కారుతోంది. పల్చటి పొర లేవాలంటే చెక్కను నొక్కి పట్టాల్సింది ఆ చోటే. అక్కడ గుంట ఉంటే టేకు పెచ్చులుగా లేచిపోతుంది. ఫొటో పంపాను, ఇప్పటికీ జవాబు లేదు. ఫోన్ ఎత్తి "మార్చి పంపిస్తాం" అనే కంపెనీ ఎవరి కాపీ అయినా నాకు ఓకే.

ఇంకో మాట టేకుపొర గారూ. స్టాన్లీ నమూనాను అందరూ కాపీ కొట్టబట్టే నా పాత నంబర్ 4కి ఇవాళ కూడా రెండంగుళాల బ్లేడు వేరే కంపెనీది దొరుకుతోంది. మందం ఎక్కువైతే నోరు కాస్త ఆకురాయితో రుద్దాలి, అంతే. ఆ కాపీలే లేకపోతే అది తుక్కులోకి పోయేది.

టేకుపొర
బ్లేడు కొలతలు కలవడం మంచిదే, ఒప్పుకుంటాను. కానీ పీఎం-వీ11 లాంటి దాని మీద ఏళ్లు, డబ్బు పెట్టినవాడికి గిట్టుబాటు కాకపోతే రేపు ఆ పని ఎవరు చేస్తారు? తక్కువ ధర చూసి కొనే మనకు అందులో భాగం లేదా?

ఒట్టావా_వడ్రంగి
ఉంది. అందుకే ప్లేన్ ఏదైనా బ్లేడు మాత్రం వాళ్ల దగ్గరే కొంటాను.

బెజవాడ_బల్ల
హైదరాబాద్ అన్నా, ఆ స్కేలు ఎంత పొడవుది తీసుకోను?

రందా_హైదరాబాద్
నంబర్ 4 అడుగు పది అంగుళాల లోపే తమ్ముడూ, పన్నెండు అంగుళాలది సరిపోతుంది. షాపుకు పట్టుకెళ్లు, డబ్బు కట్టకముందే పెట్టి చూడు.