వాయిస్ హెచ్ఐవీ రిస్క్ స్కోరు మన ఐసీటీసీలో (హెచ్ఐవీ సలహా, పరీక్షల కేంద్రంలో) వాడొచ్చా?

ఐసీటీసీ కౌన్సెలర్, చిత్తూరు:
దక్షిణాఫ్రికా, జింబాబ్వే, ఉగాండాల్లో 5,029 మంది ఆడవాళ్లతో జరిగిన హెచ్ఐవీ నివారణ ట్రయల్ ‘వాయిస్’ వివరాల నుంచి, ఆడవాళ్లకు హెచ్ఐవీ సోకే ముప్పును అంచనా వేసే ఒక రిస్క్ స్కోరు తయారైంది. 25 ఏళ్ల లోపయితే 2, పెళ్లి గానీ కాపురం గానీ లేకపోతే 2, భాగస్వామికి వేరే సంబంధాలుంటే 2 (తెలియదన్నా 2), అతను ఖర్చులకు ఇవ్వకపోతే 1, ఆమె మందు తాగితే 1, నయమయ్యే సుఖవ్యాధి ఉంటే 1, హెచ్ఎస్‌వీ-2 (జననాంగాల హెర్పిస్ వైరస్) ఉంటే 2. మొత్తం 11. 3 వచ్చినా ఎక్కువ రిస్కే. దీన్ని మన దగ్గర వాడొచ్చా? ఇంకోటి, ‘అంతర’ గర్భనిరోధక ఇంజెక్షన్ వల్ల హెచ్ఐవీ వస్తుందా అని అడుగుతున్నారు.

కమ్యూనిటీ మెడిసిన్, తిరుపతి:
ప్రశ్నలు తీసుకోండి మేడం, పాయింట్లు వద్దు. పలమనేరు వైపు లారీ డ్రైవర్ భార్య, 30 ఏళ్లు అనుకోండి. వయసుకు 0, పెళ్లయింది 0, మొగుడు డబ్బులిస్తాడు 0, మందు అలవాటు లేదు 0. ‘మా ఆయన అట్లాంటోడు కాదు’ అంటుంది, అక్కడా 0. ఆమెను ధైర్యంగా ఇంటికి పంపేస్తాం. అదే ప్రమాదం.

వాయిస్‌లో చేరినవాళ్లు ఎక్కువమంది పెళ్లికానివాళ్లు. దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నాటల్‌లో హెచ్ఐవీ వైరస్ జన్యుక్రమాలను పోల్చిన 2017 నాటి అధ్యయనంలో, 25 లోపు ఆడపిల్లలకు సోకించిన మగవాళ్లు సగటున 8.7 ఏళ్లు పెద్దవాళ్లని తేలింది. మన దగ్గర మాత్రం చాలామందికి వచ్చేది కట్టుకున్నవాడి నుంచే. అందుకే భర్త నెలలో ఎన్నాళ్లు ఊళ్లో ఉండడు, టెస్టు చేయించుకున్నాడా, ఏఆర్‌టీ (హెచ్ఐవీ మందులు) మీదుంటే చివరి వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) ఎప్పుడు చూశారు, ఎంత అని అడగండి. పక్కన అత్త ఉంటే ముందు ఆమెను బయట కూర్చోబెట్టండి.

సుఖవ్యాధుల క్లినిక్, తిరుపతి:
ఇంకో చిక్కుంది. అక్కడ సుఖవ్యాధులను ల్యాబ్‌లో చూశారు. మనం లక్షణాలను బట్టి మందుల కిట్ ఇస్తాం. క్లమీడియా, గనేరియా ఆడవాళ్లలో చాలాసార్లు ఏ లక్షణమూ లేకుండానే ఉంటాయి. హెచ్ఎస్‌వీ-2 రక్తపరీక్ష మామూలుగా చేయనే చేయం. అంటే 3 పాయింట్లు ఖాళీ. చేయని పరీక్షకు 0 వేయొద్దు, ‘చేయలేదు’ అని రాయండి.

తెల్లబట్ట అనగానే ఆకుపచ్చ కిట్, అంటే సెక్నిడజోల్ 2 గ్రాములు, ఫ్లూకోనజోల్ 150 మి.గ్రా., ఇచ్చేసి పంపొద్దు. స్పెక్యులమ్ (యోనిని తెరిచి చూసే పరికరం) వేసి చూడాలి. చీము గర్భాశయ ముఖద్వారం నుంచి వస్తుంటే బూడిదరంగు కిట్: అజిత్రోమైసిన్ 1 గ్రాము, సెఫిక్సిమ్ 400 మి.గ్రా., ఒకేసారి. భర్తకూ అదే రోజు ఇవ్వకపోతే మళ్లీ అంటుకుంటుంది. లోపల సబ్బుతో కడగొద్దని కూడా చెప్పండి. లోపల ఉండే మేలుచేసే బ్యాక్టీరియా, లాక్టోబాసిల్లై, పోతే వాపు వస్తుంది, హెచ్ఐవీకి దారి సులువవుతుంది.

గైనిక్ పీజీ, తిరుపతి:
‘అంతర’ అంటే డీఎంపీఏ అనే హార్మోన్ మందు 150 మి.గ్రా., 3 నెలలకోసారి. గర్భనిరోధకాల వల్ల హెచ్ఐవీ రిస్కు మారుతుందా అని చూసిన ఎకో ట్రయల్ ఫలితాలు 2019లో వచ్చాయి. ఎస్వాటిని, కెన్యా, దక్షిణాఫ్రికా, జాంబియాల్లో 7,829 మందిని దాదాపు సమానంగా మూడు గుంపులు చేశారు. కొత్త ఇన్ఫెక్షన్లు డీఎంపీఏలో 143, కాపర్ ఐయూడీలో (గర్భాశయంలో పెట్టే కాపర్-టీ లాంటిది) 138, ఇంప్లాంట్‌లో (చేతి చర్మం కింద పెట్టే గర్భనిరోధకం) 116. రిస్కు 50 శాతం పెరిగితే పట్టుకునేలా వేసిన ట్రయల్ అది, అంత తేడా కనిపించలేదు. కాబట్టి భయపడి ఇంజెక్షన్ ఆపించొద్దు. కాకపోతే అది గర్భాన్ని ఆపుతుందే గానీ వైరస్‌ను ఆపదు, కండోమ్ కావాలి.

భర్తకు హెచ్ఐవీ టెస్టు కానివాళ్లకు, కార్డు మీద తర్వాతి డోసు తేదీ రాసేటప్పుడే హెచ్ఐవీ టెస్టునూ ఆ రోజుకే పెట్టండి. దానికోసం ఇంకోసారి రమ్మంటే ఇంట్లో ఏం చెప్పి రావాలో తెలియక మానేస్తారు.