స్లోడ్ రివర్బ్ రీల్స్‌ని డీజే స్క్రూ వారసత్వం అనొచ్చా?

ఏలూరురోడ్డు:
బెజవాడ ఆటోల్లో ఇప్పుడు పాత పాటల స్లోడ్ రివర్బ్ (వేగం తగ్గించి ప్రతిధ్వని కలిపిన) వెర్షన్లదే రాజ్యం. కామెంట్లు చూస్తే 'ఇది డీజే స్క్రూ లెగసీ' అని. స్క్రూ అసలు పేరు రాబర్ట్ ఎర్ల్ డేవిస్ జూనియర్, టెక్సస్‌లోని హ్యూస్టన్ డీజే. 1971లో పుట్టి 2000 నవంబర్ 16న, 29 ఏళ్లకే పోయాడు. ర్యాప్ పాటల్ని నిదానం చేసి, ముక్కలు కోసి టేపులుగా అమ్మాడు. మనవాళ్ల దగ్గర నిదానం ఉంది, కోత ఏదీ?

అరండల్‌పేట:
కోత ఎందుకండీ? ఆ నిదానమే కదా ఆయన సొంతం.

కృష్ణలంక:
అదీ సొంతం కాదు గురూ. హ్యూస్టన్‌లోనే డారిల్ స్కాట్ అంతకుముందే రికార్డుల్ని నెమ్మదిగా తిప్పేవాడు. స్క్రూ పనితనమంతా చేతిలో ఉంది. ఒకే రికార్డు రెండు కాపీలు, రెండు టర్న్‌టేబుళ్లు (రికార్డు ప్లేయర్లు), రెండోది ఒక బీటు వెనక. క్రాస్‌ఫేడర్, అంటే ఒకదాని నుంచి రెండోదానికి ధ్వని మార్చే మీట, అటు తోస్తే ఇప్పుడే విన్న మాట మళ్లీ పడుతుంది, ఇటు లాగితే పాట ముందుకెళ్తుంది. వేగం మార్చే టర్న్‌టేబుల్ పిచ్ స్లైడర్ మామూలుగా 8 శాతమే దిగుతుంది. అది చాలదు. అందుకే మిక్స్ క్యాసెట్‌కి ఎక్కాక టేపు స్పీడు మళ్లీ దించేవాడు. టేపుల్లో అతని గొంతు, స్నేహితుల ర్యాప్ కూడా బరువుగా సాగేది ఇందుకే.

అరండల్‌పేట:
అదంతా దగ్గుమందు మత్తు కోసమే కదా?

కృష్ణలంక:
అతను పోయింది ఆ దగ్గుమందులో ఉండే కోడీన్ వల్లే, కాదనను. కానీ ర్యాపర్ ఏమంటున్నాడో వినపడాలన్నది అతను చెప్పుకున్న కారణాల్లో ఒకటి. మన క్యాసెట్ షాపులో చీటీ మీద పాటలు రాసిచ్చినట్టే అతనికీ జనం లిస్టులిచ్చి తమ పేరు మీద టేపు చేయించుకునేవాళ్లు. 1996 నాటి 'జూన్ 27' ఫ్రీస్టైల్ (అప్పటికప్పుడు అల్లే ర్యాప్) అలాంటి పుట్టినరోజు టేపులోదే. అరగంట దాటుతుంది.

పటమట:
కోత కావాలంటే ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేసి చూడండి. 96 బీపీఎం (నిమిషానికి 96 బీట్లు) పాటని రెండు ట్రాకుల్లో పెట్టండి. ఒక బీటు అంటే 625 మిల్లీసెకన్లు, రెండో ట్రాకు అంత ఆలస్యంగా మొదలయ్యేలా కుడివైపుకి జరపండి. నాలుగో బీటు దగ్గర మొదటిది మ్యూట్ చేసి రెండోది తెరవండి, బీటు కాగానే మళ్లీ మొదటిదానికి రండి. కోత బీటు దాటాక పడితే మాట తల తెగుతుంది. అన్నీ అయ్యాకే మొత్తాన్ని 75 శాతానికి దించండి: 72 బీపీఎం, శ్రుతి సుమారు 5 సెమీటోన్లు (స్వరస్థానాలు) కిందికి, 4 నిమిషాల పాట 5 నిమిషాల 20 సెకన్లు. 'చేంజ్ టెంపో' వాడకండి, శ్రుతి దిగదు. 'చేంజ్ స్పీడ్ అండ్ పిచ్' వాడాలి.

ఏలూరురోడ్డు:
మరి ఆటోలో బేస్ ఎందుకు మాయమవుతోంది?

పటమట:
60 హెర్ట్జ్ బేస్ 45కి దిగుతుంది, ఆ చిన్న స్పీకరు పలకలేదు. పైవైపూ అంతే: 128 కేబీపీఎస్ ఎంపీ3లో 16 కిలోహెర్ట్జ్ దగ్గర కోసేసిన ధ్వని 12కి వస్తుంది, పాట దుప్పటి కప్పుకున్నట్టుంటుంది. దాని మీద 3 సెకన్ల రివర్బ్ పోస్తే ఒక అక్షరం తోక పక్క అక్షరం మీద పడి ఒత్తులన్నీ కలిసిపోతాయి.

కృష్ణలంక:
మాట వినపడాలన్నవాడి పేరు పెట్టి మాటే ముంచేస్తున్నారన్నమాట. రివర్బ్ తీసేసి వదలండి బాబూ, అప్పుడు వారసత్వం సంగతి మాట్లాడుకుందాం.

అరండల్‌పేట:
రివర్బ్ తీసేస్తే వ్యూస్ రావు అన్నా.