గ్లౌచ్‌కోవా, గ్లుష్కోవా?

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడిన తొలి బల్గేరియా ఆటగాడి గురించి నాలుగు ముక్కలు రాద్దామని కూర్చుని, పేరు దగ్గరే ఆగిపోయాను. ఇంగ్లీషులో జీ-ఎల్-ఓ-యూ-సీ-హెచ్-కే-ఓ-వీ అని ఉంది. గ్లౌచ్‌కోవ్ అని రాసేయొచ్చా? మొదటి పేరు జార్జి అనాలా, గెయోర్గి అనాలా? మాస్టారిని అడిగాను.

— వద్దండీ. అది అసలు ఇంగ్లీషు స్పెల్లింగే కాదు. అప్పట్లో బల్గేరియా పాస్‌పోర్టుల్లో పేర్లు ఫ్రెంచి పద్ధతిలో ఎక్కించేవాళ్లు. ఫ్రెంచిలో ఓ-యూ కలిస్తే ‘ఉ’, సీ-హెచ్ కలిస్తే ‘ష’. వాళ్ల సొంత లిపిలో ఉన్నది గెయోర్గి గ్లుష్కోవ్. పలికేటప్పుడు చివరి ‘వ్’ కాస్త ‘ఫ్’ లాగా వినిపిస్తుంది గానీ, రాతలో వాళ్లూ ‘వ్’ అనే రాసుకుంటారు కాబట్టి మనం ‘ఫ్’ పెట్టక్కర్లేదు.

— అంత పట్టింపు అవసరమా? ప్రపంచమంతా అదే స్పెల్లింగ్ వాడుతోంది కదా.

— స్పెల్లింగ్ వాడండి, ఎవరు కాదన్నారు, కానీ మన లిపిలో రాసేటప్పుడు చెవిని నమ్మాలి గానీ రోమన్ అక్షరాన్ని కాదు. పాత మ్యాపుల్లో కాకినాడ స్పెల్లింగ్ చూసి ఎవడైనా ‘కోకనాడా’ అంటే మనకెలా ఉంటుంది? పక్కనే యానాం ఉంది, దాన్ని ఫ్రెంచివాళ్లు వై-ఏ-ఎన్-ఏ-ఓ-ఎన్ అని రాసుకున్నారు, మనం వాళ్ల స్పెల్లింగ్ చూసి ఊరి పేరు మార్చుకోలేదుగా. ఇప్పటి సెర్బియా బాస్కెట్‌బాల్ ఆటగాడిదీ ఇదే గొడవ, నికోలా యోకిచ్ కాస్తా మన దగ్గర జోకిచ్ అయిపోయాడు.

— పేరు సరే, మనిషి గురించీ చెప్పండి మాస్టారూ.

— 1960లో త్ర్యవ్నా అనే చిన్న ఊళ్లో పుట్టి, వర్నా నగరంలోని అకాడెమిక్ జట్టుకి ఆడాడు (వర్నా అనండి, మన అలవాటు కొద్దీ ‘వర్ణ’ చేసేయకండి). 1985 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే తంతు) ఫీనిక్స్ సన్స్ జట్టు ఏడో రౌండ్‌లో, 148వ ఎంపికగా తీసుకుంది. ఇనుప తెర అవతలి నుంచి, అంటే నాటి తూర్పు ఐరోపా కమ్యూనిస్టు దేశాల నుంచి వచ్చి ఎన్‌బీఏలో ఆడిన మొదటివాడు. ఒక్కటే సీజన్, 49 మ్యాచ్‌లు, సగటున 4.9 పాయింట్లు, 3.3 రీబౌండ్లు (గురి తప్పి వెనక్కొచ్చిన బంతిని అందుకోవడం). అంకెలు చూసి తీసిపారేయొద్దు, ఆ తర్వాత ఇటలీలో కసెర్తా జట్టుకి, బ్రెజిల్ దిగ్గజం ఆస్కార్ ష్మిట్ పక్కన ఆడి 1988లో ఇటాలియన్ కప్ గెలిచాడు.

— ఆయన ముద్దుపేరు ‘బాల్కన్ బ్యాంగర్’ని తెలుగులో ఏమంటారు? ‘బాల్కన్ బాదుడు’ అంటే కరెంటు బిల్లు గుర్తొస్తోంది 😀

— బ్యాంగర్ అంటే ఇక్కడ బాదేవాడు కాదు. బాస్కెట్ కింద చోటు కోసం భుజాలతో, ఒంటితో ఢీకొనేవాడు. పొట్టేళ్ల పందెం చూశారా? వెనక్కి తగ్గి మళ్లీ వచ్చి ఢీకొంటుంది చూడండి, అదీ ఆ ఆట. ‘బాల్కన్ పొట్టేలు’ అనండి.

— బాగుంది. శీర్షికలో గ్లుష్కోవ్ అనే పెడుతున్నా, పొట్టేలుని మాత్రం కోట్స్‌లో.