‘సాబత్ సూరతి దస్తార్ సిరా’: సూ నా, సు నా?

గోదారిగట్టు: నాందేడ్ గురుద్వారాలో విన్న పాదం ఒకటి బుర్రలోంచి పోవట్లేదు. ‘సాబత్ సు... దస్తార్ సిరా’. మధ్యలో సురతి అన్నారా, సూరతి అన్నారా? తలపాగా గురించే అని పక్కన కూర్చున్న పెద్దాయన చెప్పారు. సిరా అంటే మనకు ఇంకు తప్ప ఇంకోటి తోచదు కదా, అక్కడే ఆగిపోయాను.

పాతబస్తీ: దీర్ఘమే. ఐదో సిక్కు గురువు గురు అర్జన్ రచన, మారు రాగంలో సోల్హే అనే పదహారు చరణాల కీర్తన, గురు గ్రంథ్ సాహిబ్ 1084వ పుట. చివరి ఇకారం రాతలోనే ఉంటుంది, పలకరు. రూపం చెక్కుచెదరకుండా ఉంచుకో, తలమీద దస్తార్, అంటే తలపాగా, ఉండనీ అని. ఇందులో చర్చకేముంది?

యతిభంగం: ఏముందంటే ఎలా అండీ! గుర్బాణీలో, అంటే గురువుల వాక్కుల్లో, సురతి అనే మాట ఎన్నిసార్లు వస్తుందో తెలిసే అంటున్నారా? సురతి అంటే ధ్యాస. ధ్యాస చెదరకపోవడమే తలపాగా అని చదివి చూడండి, పాదం ఎంత ఎత్తుకు పోతుందో. శ్రుతి శబ్దమే సురతి అయిందని నా నమ్మకం.

పాతబస్తీ: ఎత్తు కోసం పాఠం మార్చుకుంటామా? పంజాబీ రాసే గురుముఖి లిపిలో స కింద ఒక గీత ఉంటే హ్రస్వం, రెండుంటే దీర్ఘం. ఇక్కడ రెండున్నాయి. మన దగ్గరా నచ్చిన అర్థం కోసం పోతన పద్యాల్లో అక్షరాలు దిద్దేవాళ్లున్నారు, ఆ పనే ఇది.

యతిభంగం: పోతన జోలికి ఎందుకులెండి.

లంకమేత: సిరా సంగతి ఎవరూ తేల్చలేదు. పంజాబీలో సిరా అంటే కొస. దస్తార్ సిరా అంటే పాగా కొస ఎందుక్కాకూడదు?

పాతబస్తీ: అదే కీర్తనలో మొదటి చరణం ‘కబూల్ దరా’ అని ముగుస్తుంది, దీని తర్వాతి చరణం ‘పాక్ హరా’ అని. దర్ (గుమ్మం) దరా అయినట్టే సిర్ (తల) సిరా అయింది. అంత్యప్రాస కోసం వచ్చిన ఆకారాన్ని పట్టుకుని వేలాడొద్దు తమ్ముడూ.

రెండోకాపీ: ప్రాస సరే, పాగా నిజం పాగాయేనా? ఆ కీర్తన ‘అలహ్ అగమ్ ఖుదాయీ బందే’ అని ముస్లిం భక్తుణ్ణి పిలుస్తూ మొదలవుతుంది. నమాజు, రోజా, అన్నిటికీ లోపలి అర్థం చెప్పుకుంటూ వస్తాడు. ఈ చరణంలోనే మంచి నడవడి గల దేహమే పతివ్రత అంటాడు. అదే వరసలో, చెదరని రూపమే తలపాగా అని రావాలి. కట్టుకోమని ఆజ్ఞ కాదు. పైగా గురు అర్జన్ పోయింది 1606లో, ఆనంద్‌పూర్‌లో ఖాల్సా, అంటే దీక్ష తీసుకున్న సిక్కుల సమాజం, పుట్టింది 1699లో.

పాతబస్తీ: ఖాల్సా తర్వాతేగా ఆ పాదం ఇంటింటి మాట అయింది. కేశాలు కత్తిరించకపోవడమే సాబత్ సూరత్ అని కోట్లమంది బతుకుతుంటే అది అర్థం కాకుండా ఎలా పోతుంది? ఖాల్సా సిక్కులు ధరించే ఐదు గుర్తులు, పంచ కకారాల్లో పాగా లేదు, నిజమే, కేశం ఉంది. కానీ కేశాన్ని కాచేది పాగాయే. అఖండ్ కీర్తనీ జథా అనే సిక్కు బృందం వాళ్లయితే కేస్కీనే (చిన్న పాగా) కకారంగా లెక్కిస్తారు, ఆడవాళ్లు కూడా కడతారు.

అత్తాపూర్‌వాలా: మాది హైదరాబాద్‌లో సిక్కులుండే సిక్కు ఛావనీ పక్క వీధి. అక్కడ అందరూ తెలుగు మాట్లాడతారు, మీరు ఇంత తిప్పలు పడక్కర్లేదు. రోజూ పొద్దున్న చూస్తుంటాను. ఆరేడు గజాల వాయిల్ గుడ్డ. తండ్రి ఒక కొస, కొడుకు ఒక కొస పట్టుకుని బిగలాగి, పొడుగునా మడతలు పెడతారు. దాన్ని పూనీ అంటారు. తర్వాత ఒక కొస పళ్ల మధ్య బిగించి, అద్దం ముందు పొరమీద పొర చుట్టుకోవడం. పొర తప్పిందంటే మళ్లీ మొదటి నుంచే. తండ్రి పోతే పెద్దకొడుక్కి నలుగురి ముందు పాగా కట్టి ఇంటి బాధ్యత అప్పగిస్తారు. మోటారు వాహనాల చట్టంలో హెల్మెట్ గురించిన 129వ సెక్షన్ పాగా కట్టిన సిక్కులకు మినహాయింపు ఇచ్చింది కూడా.

లంకమేత: మా తాత రుమాలు చుట్టుకుని టీవీఎస్ మీద పోతాడు, ఆయనకూ ఇప్పించండి మరి.

రెండోకాపీ: పరువుకు పాగా గుర్తు కావడం మతంలోనే కాదు. 1907లో లాయల్‌పూర్ రైతుసభలో బాంకే దయాళ్ పాడిన ‘పగ్డీ సంభాల్ జట్టా’ (రైతన్నా, నీ పాగా కాచుకో) భూమి చట్టాల మీద పోరాటం. అక్కడ దస్తార్ అనలేదు, పగ్డీ అన్నాడు. గుడిలో ఒక మాట, పొలంలో ఒక మాట.

యతిభంగం: అన్నట్టు మనం ‘పాగా వేశారు’ అంటామే, అది తలపాగా కాదు. మరాఠీలో పాగా అంటే గుర్రపు లాయం. గుర్రాల్ని కట్టేసి దిగడమే పాగా వేయడం.

గోదారిగట్టు: మరి శ్రీనాథుడి ‘కుళ్లాయుంచితిఁ గోక చుట్టితి’ మాటేమిటండీ? ఆ కోక తలకా, నడుముకా?

పాతబస్తీ: నడుముకే. పాతకాలంలో కోక అంటే ఏ బట్టైనా. కుళ్లాయి తలకు, కూర్పాసం ఒంటికి, మిగిలింది నడుమే కదా.

యతిభంగం: కుళ్లాయి పెట్టుకున్న వెంటనే చుట్టితి అన్నాడు. వరస చూడండి, తలమీదే ఉన్నాడింకా. కుళ్లాయి చుట్టూ గుడ్డ చుట్టడం అప్పటి దర్బారు వేషం. కన్నడ రాజ్యలక్ష్మి దగ్గర అంత వేషం కట్టిన మనిషి పంచె కట్టానని కూడా చెప్పుకుంటాడా?

పాతబస్తీ: అదే పద్యంలో వెల్లుల్లి తిన్నానని చెప్పుకున్నవాడు పంచె సంగతి దాస్తాడా!

లంకమేత: దీనికి వేరే పోస్టు పెట్టండి మాస్టారూ, కుళ్లాయి మీద నా దగ్గర చాలా ఉంది.