క్రోన్స్‌కు ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఎక్కిస్తామంటున్నారు. ఇది రక్షణ కణాలను చంపుతుందా, ఆపుతుందా?

తెనాలి అక్క:

మా తమ్ముడికి 24 ఏళ్లు. చిన్నపేగు చివర క్రోన్స్ (పేగు గోడ వాచి పుండ్లు పడే దీర్ఘకాలపు జబ్బు) అని తేలింది. స్టెరాయిడ్ వాడినన్నాళ్లూ బాగుంటాడు. డోసు తగ్గించగానే కడుపునొప్పి, విరేచనాలు మళ్లీ మొదలు. రక్షణ కణాలను అణిచే ఆజాథయోప్రిన్ మాత్రలు కూడా నడుస్తున్నాయి. మనిషి 52 కిలోలకు పడిపోయాడు. ఇప్పుడు డాక్టర్ గారు ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఎక్కిద్దాం అన్నారు. ముందుగా ఛాతీ ఎక్స్‌రే, టీబీ గోల్డ్ అనే రక్తపరీక్ష, హెపటైటిస్ బీ పరీక్ష రాశారు.

"ఒంట్లో ఉన్న కాస్త శక్తినీ ఈ మందు తీసేస్తే వాడేమైపోవాలి" అని మా అమ్మకి నిద్ర పట్టడం లేదు. నాకు ఇంకో అనుమానం. మా మేనత్త కీళ్లవాతానికి ఏళ్లుగా ఎటనర్‌సెప్ట్ ఇంజెక్షన్ వేసుకుంటోంది. అదీ టీఎన్ఎఫ్‌ను ఆపే మందేనట. అదే ఇవ్వండి, ఇంట్లోనే వేసుకుంటాడు కదా అని అడిగితే "అది పేగుకు పనిచేయదమ్మా" అన్నారు. బయట పేషెంట్లు ఎదురుచూస్తుండటంతో అంతకు మించి అడగలేకపోయాను. రెండూ ఆపేది ఒకదాన్నే అయినప్పుడు ఈ తేడా ఎందుకు? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

ఓరుగల్లు మేడమ్:

నేను డిగ్రీ పిల్లలకు మైక్రోబయాలజీ చెబుతాను. నాకూ క్రోన్స్ ఉంది, ఇన్‌ఫ్లిక్సిమాబ్ మీదే ఉన్నాను. కాబట్టి ఈ ప్రశ్న నాకు పాఠమే కాదు, బతుకు కూడా.

ముందు అమ్మగారికి ఇది చెప్పండి. ఈ మందు ఒంట్లోని రక్షణ వ్యవస్థనంతా పడగొట్టదు. వాపును రేపే సంకేతంగా పనిచేసే టీఎన్ఎఫ్ అనే ఒక్క ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. న్యూట్రోఫిల్స్, బీ కణాలు, టీ కణాలు అనే తెల్లకణాలు ఒంట్లోనే ఉంటాయి. కీమోథెరపీలోలా తెల్లకణాలు పడిపోవడం సాధారణంగా జరగదు. నిజానికి ఆ విషయంలో రక్తపరీక్షలు క్రమం తప్పకుండా చేయించాల్సింది ఇప్పటికే వాడుతున్న ఆజాథయోప్రిన్‌కి.

ఇక పేగులో జరిగేది చూద్దాం. రక్తం నుంచి మోనోసైట్లు అనే తెల్లకణాలు పేగు గోడలోకి రోజూ వస్తూనే ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న పేగులో అవి నెమ్మదస్తులైన మాక్రోఫేజ్‌లుగా మారి, దారి తప్పి లోపలికొచ్చిన బ్యాక్టీరియాను గొడవ లేకుండా మింగేస్తాయి. క్రోన్స్‌లో ఆ నెమ్మది రాదు. వచ్చిన కణం వచ్చినట్టే రెచ్చిపోయి టీఎన్ఎఫ్‌ను, ఐఎల్-23 అనే ఇంకో సంకేత ప్రోటీన్‌ను వదులుతుంది. ఆ టీఎన్ఎఫ్ పేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది, న్యూట్రోఫిల్స్‌ను గుంపులుగా రప్పిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, పని అయిపోయాక చనిపోవాల్సిన టీ కణాలను చావనివ్వదు. అవి అక్కడే తిష్ఠ వేసి మళ్లీ మాక్రోఫేజ్‌లను రెచ్చగొడతాయి. స్టెరాయిడ్ తగ్గించగానే మీ తమ్ముడికి జబ్బు తిరగబెట్టడం వెనక ఈ చక్రం ఉంది.

మీ మేనత్తగారి మందు సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. టీఎన్ఎఫ్ రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి కణం నుంచి విడిపోయి ద్రవంలో తిరిగేది. రెండోది మాక్రోఫేజ్ పైపొరకే అంటుకుని ఉండి, పక్కన ఆనుకున్న టీ కణానికి నేరుగా "బతుకు" అని సంకేతం ఇచ్చేది. ఎటనర్‌సెప్ట్ తిరిగేదాన్ని బాగానే పడుతుంది. కీళ్లకు అది సరిపోతుంది. పొరకు అంటుకున్నదాన్ని మాత్రం గట్టిగా పట్టి ఉంచలేదు. ఇన్‌ఫ్లిక్సిమాబ్, అలాంటిదే అయిన అడాలిముమాబ్ యాంటీబాడీలు, అంటే ఒకదాన్ని వెతికి పట్టుకునే ప్రోటీన్లు. ఇవి టీఎన్ఎఫ్ రెండు రూపాలనూ పట్టుకుంటాయి. ఆ సంకేతం తెగితే పేగు గోడలోని టీ కణాలు వాటంతట అవే చనిపోతాయి. క్రోన్స్‌లో ఎటనర్‌సెప్ట్‌ను పరీక్షించి 2001లో ఫలితాలు ప్రచురించారు. ఉత్తుత్తి మందు కన్నా మెరుగ్గా పనిచేయలేదు. ఈ ఒక్క కారణంతో అంతా తేలిపోదు, శాస్త్రవేత్తల మధ్య వాదనలు ఉన్నాయి. అయినా మీ డాక్టర్ గారు చెప్పిన మాట నూటికి నూరుపాళ్లు నిజం.

అంటే చంపుతుందా, ఆపుతుందా అన్నదానికి జవాబు: రెండూ. టీఎన్ఎఫ్‌ను ఆపుతుంది. దాని మీద ఆధారపడి బతుకుతున్న టీ కణాలు పోతాయి. ఇంకొకటి నాకు ఎంతో నచ్చే విషయం. ఈ యాంటీబాడీల తోక భాగం తగిలి కొన్ని మాక్రోఫేజ్‌లు పుండు మాన్పే రకంగా మారతాయని ల్యాబ్ ప్రయోగాల్లో చూశారు. అందుకే ఈ జబ్బులో "ఇమ్యూనిటీ తగ్గించే మందు" అనే మాట నాకు సరిపోదనిపిస్తుంది. ఏ కణం, ఏ ప్రోటీన్ అన్నదే అసలు సంగతి. సోరియాసిస్‌కు బ్రహ్మాండంగా పనిచేసే సెకుకినుమాబ్ అనే మందు ఐఎల్-17 అనే మరో సంకేత ప్రోటీన్‌ను ఆపుతుంది. దాన్ని క్రోన్స్‌లో వాడి చూస్తే జబ్బు ముదిరింది. ఐఎల్-17 పేగు లోపలి పొరను కాపాడే పని కూడా చేస్తుంది మరి.

ఎక్కించే రోజు ఎలా ఉంటుందో కూడా చెబుతాను, తమ్ముడికి టెన్షన్ తగ్గుతుంది. కిలోకు 5 మిల్లీగ్రాముల లెక్కన అతనికి 260 మిల్లీగ్రాములు, అంటే 100 మిల్లీగ్రాముల సీసాలు మూడు. లోపల తెల్లటి పొడి గడ్డ కట్టినట్టు ఉంటుంది. సిస్టర్ గారు ఇంజెక్షన్ నీళ్లను సీసా గోడ వెంట నెమ్మదిగా వదిలి, కుదపకుండా మెల్లగా తిప్పుతారు. ప్రోటీన్ కదా, కుదిపితే నురగ వచ్చి పాడవుతుంది. నురగేమైనా ఉంటే అణిగేదాకా పక్కన పెట్టి, తర్వాత 250 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి, ఫిల్టర్ ఉన్న గొట్టంతో రెండు గంటలు ఎక్కిస్తారు. ఒళ్లు దురద పెట్టినా, ఛాతీ పట్టేసినట్టున్నా ఓర్చుకోవద్దు, వెంటనే పిలవమనండి. మొదటి డోసు తర్వాత 2వ వారం, 6వ వారం, ఆపైన 8 వారాలకోసారి.

డాలస్ కృష్ణ:

నాది అల్సరేటివ్ కోలైటిస్ (పెద్దపేగు వాచి పుండ్లు పడే జబ్బు), వెడోలిజుమాబ్ అనే మందు మీద ఉన్నాను. అమెరికాలో 2014 నుంచి ఉంది. ఇది టీఎన్ఎఫ్ జోలికి వెళ్లదు. పేగుకు వెళ్లే టీ కణాల మీద ఆల్ఫా4 బీటా7 అనే ప్రోటీన్ ఉంటుంది. అది పేగు రక్తనాళాల గోడల మీది మ్యాడ్‌కామ్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని లోపలికి దూరుతుంది. ఈ మందు ఆ పట్టును తప్పిస్తుంది. కణం రక్తంలో ప్రయాణిస్తూనే ఉంటుంది, పేగు స్టేషన్‌లో మాత్రం దిగలేదు. అప్పటికే దిగిపోయిన కణాలు కాలం తీరేదాకా ఉంటాయి కాబట్టి ఫలితం ఆలస్యం. 14 వారాలు ఓపిక పట్టమని మా డాక్టర్ ముందే చెప్పారు. టీబీ భయం దీంతో తక్కువ, మీ డాక్టర్‌ను దీని గురించి కూడా అడగండి.

తెనాలి అక్క:

మేడమ్, మీరు చెప్పింది అమ్మకి చదివి వినిపించాను, కాస్త కుదుటపడింది. ఇంతలో ఈరోజు టీబీ గోల్డ్ పాజిటివ్ వచ్చింది. ఎక్స్‌రే బాగానే ఉంది. ఇక ఈ మందు వాడకూడదా? ఇంకో మాట. మూడు డోసులకు డబ్బు సర్దాం. తగ్గితే ఆపేసి, మళ్లీ వస్తే మళ్లీ వేయిద్దామని నాన్న అంటున్నారు.

ఓరుగల్లు మేడమ్:

పాజిటివ్ అంటే దారి మూసుకుపోయినట్టు కాదు. ఆ పరీక్షలో తమ్ముడి రక్తాన్ని టీబీ క్రిమి ప్రోటీన్లతో కలిపి రాత్రంతా ఉంచుతారు. అతని టీ కణాలకు ఆ క్రిమి ముందే పరిచయం ఉంటే గామా ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్‌ను వదులుతాయి, దాన్ని కొలుస్తారు. క్రిమి నిద్రలో ఉందా, లేచి తిరుగుతోందా అన్నది ఈ పరీక్ష చెప్పదు. మన దేశంలో పాజిటివ్ చాలామందికి వస్తుంది.

నిద్రపోతున్న క్రిమి చుట్టూ మాక్రోఫేజ్‌లు, టీ కణాలు గోడ కట్టి ఉంచుతాయి. ఆ గోడ నిలబడాలంటే టీఎన్ఎఫ్ కావాలి. మనం దాన్నే తీసేస్తున్నాం. ఇన్‌ఫ్లిక్సిమాబ్ తీసుకున్నాక టీబీ వచ్చిన 70 మంది వివరాలు 2001లో ప్రచురించారు. వాళ్లలో సగానికి పైగా ఊపిరితిత్తుల బయటే టీబీ ఉంది. ఎక్కువమందికి మూడు డోసుల లోపే బయటపడింది. అందుకే ఛాతీ ఎక్స్‌రే బాగుందని ఊరుకోకండి. చిన్నపేగు చివరనే టీబీ కూడా కూర్చుంటుంది, చూడ్డానికి అచ్చం క్రోన్స్‌లానే ఉంటుంది. పేగు ముక్క బయాప్సీలో టీబీ కోసం ప్రత్యేకంగా చూశారా, ఛాతీకి సీటీ అవసరమా అని తప్పకుండా అడగండి. సాయంత్రపు జ్వరం, రాత్రి చెమటలు ఉంటే దాచకుండా చెప్పండి. ఎక్కడా జబ్బు లేదని తేలితే టీబీ రాకుండా ముందుజాగ్రత్త మాత్రలు మొదలుపెట్టి, సాధారణంగా మూడు నాలుగు వారాలు గడిచాక మొదటి డోసు ఇస్తారు.

నాన్నగారి ఆలోచన మాత్రం దయచేసి మార్పించండి. ఇన్‌ఫ్లిక్సిమాబ్‌లో సుమారు పావు వంతు ఎలుక ప్రోటీన్. దాన్ని పరాయిదిగా చూసి మన బీ కణాలు దాని మీదే యాంటీబాడీలు తయారుచేస్తాయి. ఆపి ఆపి వేస్తే ఈ గొడవ ఎక్కువ. రెండోసారి మొదలుపెట్టినప్పుడు మందు పనిచేయకపోవచ్చు, తీవ్రమైన రియాక్షన్ కూడా రావచ్చు. ఆజాథయోప్రిన్ తోడుంటే ఈ యాంటీబాడీలు తగ్గుతాయి. 2010లో వచ్చిన సోనిక్ అధ్యయనంలో స్టెరాయిడ్ లేకుండా 26 వారాలకు జబ్బు అదుపులో ఉన్నవాళ్లు, రెండూ కలిపితే నూటికి 57 మంది, ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఒక్కటే అయితే 44, ఆజాథయోప్రిన్ ఒక్కటే అయితే 30. కాకపోతే కుర్రవాళ్లలో ఈ జోడీతో చాలా అరుదుగా ఒక రకం లింఫోమా (తెల్లకణాల క్యాన్సర్) వచ్చింది. రెండూ ఎన్నాళ్లు కలిపి వాడాలో డాక్టర్‌తో మాట్లాడండి.

డబ్బు విషయానికి, మన దగ్గర బయోసిమిలర్లు (అదే మందుకు దగ్గరి పోలికతో వేరే కంపెనీలు చేసేవి) దొరుకుతాయి, అసలు బ్రాండు కన్నా తక్కువ ధరకు. కంపెనీల పేషెంట్ సపోర్ట్ పథకాల గురించి డే కేర్ సిస్టర్‌నే అడగండి, డాక్టర్ల కన్నా వాళ్లకే బాగా తెలుస్తుంది. మొదటి సీసా కొనకముందే ఏడాదికి ఎన్ని సీసాలు పడతాయో నాన్నగారితో కూర్చుని లెక్క వేయండి. బరువు పెరిగి 60 కిలోలు దాటితే డోసుకు నాలుగో సీసా కూడా కావాలి, దాన్నీ అందులో కలపండి.